నడక సరే... లేవగలుగుతున్నారా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: వయసు పైబడుతోంది, కాళ్లలో సత్తువ తగ్గుతోంది, ఏం చేయాలి? ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 64. టీచరుగా రిటైరయ్యాను. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే 5 కిలోమీటర్లు నడుస్తున్నాను. బీపీ, షుగర్ లేవు. అయినా పూజ దగ్గర పీట మీద నుంచి లేవాలంటే చెయ్యి ఆనించక తప్పడం లేదు. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కాలన్నా కడ్డీ పట్టుకుని ఒళ్లు లాక్కోవాల్సి వస్తోంది. ఇంత నడిచినా ఇలా ఎందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నడక మానకండి. కానీ మీ సమస్యకు మందు అందులో లేదు. చదును రోడ్డు మీద నడిచేటప్పుడు మోకాలు కొద్దిగానే వంగుతుంది. తొడ ముందు కండరం తన బలంలో కొంచెమే వాడి పని కానిచ్చేస్తుంది. పీట మీద నుంచి లేవడం అలా కాదు. మోకాలు, తుంటి బాగా వంగి ఉన్న చోటు నుంచి మొత్తం ఒంటి బరువును ఎత్తాలి. కండరం మీద తన శక్తికి దగ్గరగా బరువు పడితేనే అది బలపడుతుంది. ఇన్నేళ్లూ అదే రోడ్డు, అదే వేగం, అదే 5 కిలోమీటర్లు. గుండెకు, ఊపిరితిత్తులకు మేలే జరిగింది, తొడలకు మాత్రం కొత్తగా ఏ పనీ పడలేదు. పైగా వయసుతో ఎక్కువగా కరిగేవి చురుగ్గా బిగుసుకునే కండరపు పోగులు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు, కాలు తట్టుకుని తూలినప్పుడు నిలదొక్కుకునేటప్పుడు కావాల్సినవి అవే. నింపాదిగా సాగే నడక వాటిని కదిలించదు.

ముందు మీరు ఏ స్థితిలో ఉన్నారో చూసుకోండి. సుమారు 17 అంగుళాల ఎత్తున్న, చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటాయి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల మగవాళ్లు 14 సార్లకు తగ్గితే, ఆడవాళ్లు 12కు తగ్గితే సగటు కన్నా వెనకబడినట్టు. 65–74 మధ్య ఈ గీత మగవాళ్లకు 12. ఆడవాళ్లకు 65–69 మధ్య 11, 70–74 మధ్య 10. చెయ్యి ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా కింద వేసుకోవాలి. బాధపడనక్కర్లేదు, మొదలుపెట్టాల్సిన చోటు తెలిసింది.

వ్యాయామం కూడా ఆ కుర్చీతోనే. కుర్చీ ముందు అంచుకు జరిగి కూర్చోండి. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి లాక్కోండి. నడుము వంగిపోకుండా, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వాలి, మడమలతో నేలను నొక్కుతూ చురుగ్గా లేవండి. కూర్చునేటప్పుడు మాత్రం మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. లేస్తూ ఊపిరి వదలాలి, కూర్చుంటూ పీల్చాలి. 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక విడత. రెండు నిమిషాలు ఆగి రెండో విడత, మళ్లీ ఆగి మూడోది. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. విడత పూర్తయ్యేసరికి 'ఇంకో రెండు మూడు చేయగలను, అంతకు మించి కాదు' అనిపించాలి. 'ఇంకో ఇరవై చేస్తా' అనిపిస్తే మీకది వ్యాయామం కిందికి రాదు. కుర్చీలోంచి లేవడమే కష్టమైతే మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచుకోండి.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పాదాలు మరీ ముందుకుంటే ఎంత బలమున్నా లేవలేరు, వెనక్కి పడతారు. మోకాళ్లు లోపలికి ఒరిగితే కొన్నాళ్లకు చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. మోకాళ్లు రెండో వేలి వైపే చూస్తూ ఉండాలి. చివర్లో ధబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే, ఎందుకంటే బరువును ఆపుకుంటూ దిగడంలో కండరానికి బోలెడు పని ఉంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, నెలల తరబడి అదే కుర్చీ, అదే పది. మూడు విడతలూ 12 చొప్పున సునాయాసంగా వస్తుంటే దుప్పటి తీసేయండి. తర్వాత 2 కిలోల పప్పు సంచిని గుండెలకు హత్తుకుని చేయండి, ఆపైన 5 కిలోల బియ్యం సంచితో. ఆ తర్వాత సీటు ఎత్తు తగ్గించండి: దివాన్, స్టూలు, రెండు పీటలు ఒకదానిమీద ఒకటి. ఇలా దిగుతూ వస్తే 3, 4 నెలల్లో చాలామంది పీట దాకా వస్తారు.

దీనికి తోడు 6–8 అంగుళాల మెట్టు ఒకటి చూసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో కాలితో పదేసిసార్లు ఎక్కి దిగండి. కింద ఉన్న కాలితో నేలను తన్ని ఎగరకూడదు. పై కాలే ఒళ్లంతా ఎత్తాలి. బస్సు మెట్టు ఇంకా ఎత్తు కాబట్టి తేలికయ్యేకొద్దీ ఎత్తు పెంచండి.

ప్రశ్న: వయసు 58. రెండు మోకాళ్లూ అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు అంటున్నారు. వ్యాయామం చేస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుందని పక్కింటివాళ్ల మాట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నిజం కాదు. మోకాలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదులుతూ, దాని మీద బరువు పడుతూ వదులుతూ ఉంటేనే పోషణ అందుతుంది. నొప్పి భయంతో కదలడం మానేస్తే తొడ కండరం సన్నబడుతుంది, అప్పుడు ప్రతి అడుగు అదురూ నేరుగా కీలు మీదే పడుతుంది, నొప్పి పెరుగుతుంది, ఇంకా కదలరు. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనిషి పడే బాధకూ పొంతన లేకపోవడం మామూలే.

మొదటి రెండు వారాలు రెండే చేయండి. ఒకటి, కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, పాదం మీవైపు లాక్కుని 5 సెకన్లు బిగబట్టి మెల్లగా దించడం. పదేసి సార్లు రెండు విడతలు. తేలికయ్యాక చీలమండకు అరకిలో, తర్వాత కిలో ఇసుక బ్యాగు కట్టుకోవచ్చు. రెండు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, మడమలు నొక్కుతూ నడుము, పిరుదులు పైకెత్తి 3 సెకన్లు ఆపి దించడం. మూడో వారం నుంచి పై జవాబులో చెప్పిన కుర్చీ వ్యాయామాన్ని ఎత్తు సీటుతో కలపండి. గుంజీలు ఇప్పుడే వద్దు.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే, చేస్తున్నప్పుడు 3, 4 దాకా ఉన్నా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువో, సంఖ్యో తగ్గించండి, అంతేగానీ మానొద్దు. కీలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వస్తున్నా డాక్టరుకు చూపించాలి. తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. పది రోజులకే వదిలేసేవాళ్లే ఎక్కువ.

మెట్ల సంగతి: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బరువు ఎక్కువుంటే తగ్గించుకోవడం కూడా వైద్యమే. ఒంట్లో కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

ప్రశ్న: బీపీకి మాత్రలు వాడుతున్నాను, వయసు 66. బరువులు ఎత్తితే నరాలు చిట్లుతాయని భయపెడుతున్నారు. ఒక్కోసారి కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి కూడా.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ప్రమాదం ఊపిరి బిగబట్టడంలో ఉంది. బిగబట్టి మూలిగితే ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు 'ఒకటి, రెండు' అని పైకి లెక్కపెట్టండి. మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు. 10–12 సార్లు ఎత్తగల ఓ మోస్తరు బరువులే వాడండి. ఆ రోజు బీపీ 180/110 దాటి ఉంటే వ్యాయామం వద్దు, డాక్టరుతో మాట్లాడండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే నాడి అంతగా పెరగదు, కాబట్టి చేతి వాచీలో అంకె చూసి శ్రమ అంచనా వేయొద్దు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ లెక్క.

కళ్లు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. 5 నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి, మందు మార్చడమో మోతాదు సరిచేయడమో ఆయన చూస్తారు. సొంతంగా మాత్ర మానొద్దు. అప్పటిదాకా లేచే ముందు కూర్చున్నచోటే పిక్కలు బిగించి వదులుతూ పాదాలు ఇరవైసార్లు ఆడించండి.

ప్రశ్న: 61 ఏళ్లు. మూడు నెలల్లో మిత్రులతో కలిసి తిరుమల కొండ నడిచి ఎక్కాలని మొక్కు. షుగర్ మాత్రలు వాడుతున్నా. ఎలా సిద్ధపడాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 60 దాటినవాళ్లు, బీపీ, షుగర్, ఆస్తమా, కీళ్ల జబ్బులున్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీయే సూచిస్తోంది. కాబట్టి మొదటి మెట్టు డాక్టరు గది గుమ్మం. గుండె పరీక్షలు ఏవి అవసరమో ఆయన తేల్చాక, సరే అంటే మిగతాది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా వరసపెట్టి నిటారు మెట్లు. ఆ తర్వాత చాలాదూరం చదునుగా సాగి, కాళ్లు అలిసిపోయాక మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే కదా, తేలికనుకుంటారు కొందరు. 2 కిలోమీటర్ల చిల్లరలోనే అన్ని మెట్లూ ఉన్నాయంటే ఊపిరి తీసుకునే చదును లేదని అర్థం.

అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తుకు 20 మెట్లు వేసుకుంటే 3,550 మెట్లు సుమారు 177 అంతస్తులు. అన్నీ ముందే ఎక్కి చూడాల్సిన పని లేదు. మొదటి 4 వారాలు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మొత్తం 10 అంతస్తులు. తర్వాతి 4 వారాలు 20–25. తొమ్మిది నుంచి పదకొండో వారం దాకా 40, ప్రతి ఐదింటికీ రెండు నిమిషాలు ఆగుతూ. చివరి వారం తగ్గించి కాళ్లకు విశ్రాంతి. లిఫ్టులో దిగిపోకుండా కనీసం మూడో వంతు మెట్ల మీదే దిగండి. కండరాన్ని సాగదీస్తూ బరువు ఆపే పని దిగడంలోనే ఎక్కువ. అలవాటు లేనివాళ్లకు తొడలు ఒకటి రెండు రోజుల తర్వాత పట్టేసేది అందుకే. వారానికి మరో రెండు రోజులు మెట్టు ఎక్కి దిగే వ్యాయామం, మునివేళ్ల మీద లేవడం 15 చొప్పున మూడు విడతలు. పిక్కలు బలహీనంగా ఉంటే చివరి వెయ్యి మెట్లూ చుక్కలు చూపిస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లకు రెండు జాగ్రత్తలు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు దారిలో షుగర్ పడిపోవచ్చు. ఆ రోజు మోతాదు ఎంతో ముందే అడిగి ఉంచుకోండి, జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. వణుకు, చెమటలు, తత్తరపాటు మొదలైతే 3 చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలు కూర్చోవాలి. రెండోది పాదాలు. స్పర్శ తగ్గి ఉంటే చెప్పుల్లేకుండా అంత దూరం నడవడం పుండును కొనితెచ్చుకోవడమే, బస్సులో వెళ్లండి. ఛాతీ బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే మొక్కు ఆలోచన పక్కనపెట్టి అక్కడే కూర్చుని సాయం పిలవాలి.

ప్రశ్న: మా అమ్మ వయసు 74, రాజమండ్రిలో ఉంటుంది. నెల క్రితం బాత్‌రూమ్‌లో జారింది. ఎముకలు విరగలేదు, కానీ భయంతో గుడికి వెళ్లడం కూడా మానేసింది. నేను డాలస్ నుంచి వీడియోలో ఏం చేయించగలను?
– ఒక పాఠకురాలు

జవాబు: భయంతో ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఇంకా నీరసిస్తాయి, మళ్లీ పడే ముప్పు పెరుగుతుంది. ఫోను పట్టుకోవడానికి మీరున్నా, అమ్మగారి పక్కన మనిషి ఉండి తీరాలి. పనమ్మాయి అయినా సరే.

ముందు కొలవండి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. తర్వాత వంటగట్టు దగ్గర నిలబెట్టి, పాదాలు పక్కపక్కన ఆనించి 10 సెకన్లు. ఒక పాదం సగం ముందుకు జరిపి 10. ఒకదాని మడమ ఇంకోదాని వేళ్లకు తగిలేలా వరసగా పెట్టి 10. ఎక్కడ తూలుతుందో అక్కడే సాధన. గట్టును రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టి, ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, చివరికి పట్టు లేకుండా. వారానికి కనీసం మూడు రోజులు 10–15 నిమిషాలు. గట్టు వెంబడి పక్కకు అడుగులు, మడమలెత్తి దించడం, కుర్చీ వ్యాయామం కూడా కలపండి.

ఆ భయం అసలు పడటం గురించి కాదు, పడ్డాక లేవలేనేమోనని. అది నేర్పండి. మంచం పక్కన పరుపు వేసి, వెల్లకిలా ఉన్న మనిషి ముందు ఒక పక్కకు తిరగాలి. మోచెయ్యి, ఆపైన అరచెయ్యి ఆనించి పక్కకు లేచి కూర్చోవాలి. అక్కడి నుంచి నాలుగు కాళ్ల మీదికి రావాలి. మంచం దాకా పాకి రెండు చేతులూ దాని మీద వేయాలి. గట్టిగా ఉన్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు ఆనించాలి. చేతులూ ఆ కాలూ కలిపి నొక్కుతూ లేచి, తిరిగి మంచం మీద కూర్చోవాలి. వెంటనే నిలబడకూడదు. మోకాళ్లు ఒత్తుకుంటే దిండు వేయండి. నిజంగా పడ్డప్పుడు తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు పక్కకు తిరిగి పొట్టిగా కనిపించినా లేపే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

బాత్‌రూమ్‌లో గోడకు బోల్టులతో బిగించిన పట్టుకమ్మి పెట్టించండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, చాలామంది దాన్ని పట్టుకునే పడతారు. అరిగి నున్నబడ్డ హవాయి చెప్పులు పారేయండి. నైటీ అంచు చీలమండకు పైకి కుట్టించండి. కళ్లల్లో శుక్లాలున్నాయేమో చూపించండి, నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: 70 ఏళ్ల వయసులో జిమ్‌లో చేరితే నవ్వుతారేమో. ఇప్పుడు మొదలుపెడితే కండ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అమెరికాలో 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత 8 వారాలు కాళ్లకు గట్టి బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీరు వాళ్లకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారు. లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టడం), కూర్చుని లాగే రోయింగ్, ఛాతీ ప్రెస్ (చేతులతో బరువును ముందుకు నెట్టడం), ఈ మూడూ వారానికి రెండు రోజులు చాలు. మొదటి రోజే కుర్రాళ్లతో పోటీ పెట్టే ట్రైనర్ అయితే జిమ్ మార్చండి.

ప్రశ్న: మేం శాకాహారులం, వయసు 67, బరువు 60 కిలోలు. ప్రొటీన్ పౌడర్ కొనాలా?
– దంపతులు, విజయనగరం

జవాబు: అక్కర్లేదు, పళ్లెం సరిదిద్దుకుంటే చాలు. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోవాలి, అంటే 60 నుంచి 72 గ్రాములు. పొద్దున 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు 14, గ్లాసు పాలు 6, మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు 9, అన్నం 7, 200 గ్రాముల గట్టి పెరుగు 6–7, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు 7, రాత్రి రెండు పుల్కాలు 6, 50 గ్రాముల పనీర్ 9 గ్రాములు. మొత్తం 64 పైచిలుకు. పలుచని పప్పుచారు, నీళ్ల మజ్జిగ ఈ లెక్కలోకి రావు. రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టేవాళ్లకే ఎక్కువగా లోటు పడుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

ప్రశ్న: జ్వరంతో పది రోజులు మంచం పట్టాను. లేచాక మెట్లెక్కలేకపోతున్నా. వయసు 69. ఎప్పుడు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆరోగ్యంగా ఉన్న 60 దాటినవాళ్లను పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచి చూస్తే కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గిందని 2007లో వచ్చిన పరిశోధన. మీకు జ్వరం కూడా తోడైంది, కాబట్టి నీరసం సహజం. జ్వరం తగ్గి రెండు రోజులు గడిచాక, అన్నం సయిస్తుంటే, ఎత్తు సీటు మీద నుంచి 5 సార్లు లేవడంతో మొదలుపెట్టండి. పూటకు ఒకసారి, రోజుకు మూడు పూటలా. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు పెంచండి. ఇదివరకు చేసినదాంట్లో సగానికి వారం దాటాక, పూర్తి స్థాయికి మూడు నాలుగు వారాలకు చేరితే చాలు. చికున్‌గున్యా అయితే కీళ్ల వాపు తగ్గేదాకా బరువులు ముట్టకుండా, కుర్చీలో కాలు చాచే వ్యాయామంతోనే నడపండి.